యాడికని అడగని ఊరు

మా దిక్కు ఎవురన్నా ఇంట్లోనుంచి బయలుదేరి దావ పట్టినారంటే, "యాడికి పోతాండావు?" అని అడగగూడదు. ఇప్పుడు ఈ మాట చెప్తే పిల్లోళ్ళు నవ్వుతారు. నా చిన్నప్పుడు ఆ మాట నోట్లోనుంచి జారిందంటే వీపు మీద పడేది. అడిగితే శకునం చెడిపోతుందంట, పోయే పని కాదంట. అడిగించుకున్న మనిషి గొణుక్కుంటా మల్లా ఇంట్లోకి వచ్చి, రవ్వంతసేపు కూర్చుని, గుక్కెడు నీళ్ళు తాగి, అప్పుడు మల్లా బయలుదేరల్ల. మరీ తెలుసుకోవాలనుంటే "ఏమప్పా, దూరమా?" అనేవాళ్ళు. ఆయప్ప "ఈడికేలే" అని చెయ్యి ఊపి పోయేవాడు. ఎంత మర్యాదో చూడండి! ఆ మర్యాద తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతాది.

మాది నల్లమాడ పక్క పల్లె. డెబ్బైల్లో వరసగా వానలు ఎగ్గొట్టినాయి. ఇత్తనం ఏస్తే మొలిచేది, మొలిచింది ఎండేది. పల్లె ఇడిచి నేనూ నా మొగుడూ టౌనుకు వచ్చి ఒక రూము బాడుగకు తీసుకుంటిమి. ఆయన లారీలకు మూటలెత్తే పనికి పోతే నేను శెనక్కాయల మిషన్‌లో చేరితిని. టౌను పేరు చెప్పను. చెప్పి ఏం చేసేది, ఆ కాలంలో మా జిల్లాలో ఏ టౌనైనా ఒకటే.

మిషన్ అంటే పెద్ద రేకుల షెడ్డు. ఒక పక్క కాయలు ఒలిచే యంత్రం దడదడలాడతాంటే, ఇంకో పక్క మేము ఆడోళ్ళం వరసగా కూర్చుని, చాటల్లో ఇత్తనాలు పోసుకుని, పుచ్చుది, పగిలింది, మట్టిబెడ్డ ఏరి పారేసేవాళ్ళం. దుమ్ముకు కనురెప్పలు కూడా తెల్లగయ్యేవి. వరసలో ఎవరి తావు వాళ్ళకు ఖాయం. మొదట్లో పెద్దమ్మ. ఆమె మాకెవురికీ చుట్టం కాదు, వయసులో పెద్దదని అందరం పెద్దమ్మా అనేవాళ్ళం. ఆమె పక్కన నేను. నా పక్కన ఆ పిల్ల.

పదహారో పదిహేడో ఉంటాయి ఆ పిల్లకు. తల్లి లేదు. నాయన గొర్రెలకాపరి. మా దిక్కు మేత లేక మంద తోలుకోని మైసూరు సీమకు పోతే నెలలకొద్దీ ఇంటి మొగం చూసేవాడు కాదు. పిల్ల చిన్నాయన ఇంట్లో ఉండి పనికి వచ్చేది. నవ్వుమొగం. ఇత్తనాలు ఏరతా ఏరతా ఒకటి నోట్లో ఏసుకునేది. మేస్త్రి చూసి, "ఏయ్, నువ్వు ఏరేదానికి వచ్చినావా, మేసేదానికి వచ్చినావా?" అంటే, నోరు తెరిచి నాలుక చూపించి, "ఏదన్నా, యాడుండాది?" అనేది. మేస్త్రికి కూడా నవ్వొచ్చేది.

దానికి లోకం తెలీదు. "అక్కా, గోరంట్ల పెద్దదా, హిందూపురం పెద్దదా?" అని అడిగేది నన్ను. మా మిషన్ గేటుకు ఎదురుగానే బస్టాండు. రోజూ బస్సులు చూసేది గానీ ఒక్క బస్సూ ఎక్కి ఎరగదు. ఒకసారి నేను నవ్వులాటకు, "నీ పెండ్లయితే బస్సులోనే పంపుతాంలేవే," అంటే, "నువ్వూ జతకు రావల్ల, నాకు ఒక్కదానికి భయం," అనింది. మా వరసంతా పడీ పడీ నవ్వింది.

ఆ ఏడు పంట శుద్ధంగా లేదు. మిషన్ ఒక పొద్దు తిరిగితే నాలుగు పొద్దులు మూసుకునేది. పని ఉంటుందేమోనని పొద్దున్నే వచ్చి గేటు కాడ కూర్చునేవాళ్ళం. అప్పుడు దిగింది ఆ బొంబాయి ఆమె. నున్నటి పట్టుచీర, మొగం నిండా పౌడరు, మెళ్ళో రెండుపేటల గొలుసు. బస్టాండు టీ అంగడి కాడ బెంచీ మీద కూర్చుని, వచ్చే పోయే పిల్లలను పలకరించేది. "మన దిక్కుదాన్నే తల్లీ, బొంబాయిలో ఉండాను. తెలుగోళ్ళ ఇండ్లల్లో వంటపని. మూడు పూట్లా బియ్యం బువ్వ," అనేది. సంగటి ముద్ద కూడా ఒక పూటే దొరికే కాలంలో మూడు పూట్లా బియ్యం బువ్వ అంటే, దేవుడా, పిల్లల కండ్లు ఎట్లుంటాయో మీరే అనుకోండి.

"ఎవురే ఆయమ్మ? ఏ ఊరామె? ఎవరి బిడ్డ?" అని ఆ పిల్లను నేను గట్టిగానే నిలదీసినా.

"మన దిక్కామే అంట అక్కా."

"మన దిక్కంటే? దిక్కుకు పేరు లేదా? మీ నాయన వచ్చేదాకా యాడికీ కదలొద్దు, చెప్తాండా."

"కదల్నులే," అనింది. అనేటప్పుడు నా మొగం చూడలేదు.

తర్వాత కొన్నాళ్ళకు, ఒక పొద్దున. మేస్త్రి ఇంకా గేటు తియ్యలేదు. సద్దిమూటలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాం. రోడ్డుకు అవతల పక్క ఆ పిల్ల వస్తాండాది. పండగలకని దాచుకున్న ఎర్ర లంగా, ఓణీ, చేతిలో గుడ్డసంచి. పక్కన ఆ బొంబాయి ఆమె. మాకు ఎదురుగా వచ్చేసరికి పిల్ల నడక నిదానమైంది. మా దిక్కు చూసింది. చూస్తా నిలబడింది.

నేను లేసి, "ఏమే, యాడి..." అంటానే ఉండా, పెద్దమ్మ చెయ్యి నా నోటి మీద పడింది.

"నోరు ముయ్యే! పిల్ల బయలుదేరినాది, యాడికంటావా? బుద్ధుండాదా నీకు? నాలుగు మెతుకులకని పోతాంటే చెడగొడతావా?" అని నన్ను కసిరి, ఆ పిల్ల దిక్కు తిరిగి ప్రేమగా, "దూరమా తల్లీ?" అనింది.

పిల్ల చెయ్యి రవ్వంత ఎత్తి, "ఈడికే పెద్దమ్మా," అనింది.

బొంబాయి ఆమె నవ్వి పిల్ల మణికట్టు పట్టుకుంది. నేను పెద్దమ్మ చెయ్యి ఇదిలించుకుని రోడ్డు దాటేలోపల ధర్మవరం బస్సు ఎక్కేసినారు. బస్సెనక అరుస్తా పరిగెత్తినా. దుమ్ము తప్ప ఏమీ చిక్కలేదు.

కొన్ని నెలలకు పిల్ల నాయన వచ్చినాడు. గొంగళి భుజాన ఏసుకుని, చేతికర్రతో మిషన్ గేటు కాడ నిలబడి, లోపలికి రమ్మంటే రాకుండా ఆణ్ణుంచే అడిగినాడు. "అమ్మా, మా పాప యాడికి పోయింది?"

యంత్రం దడదడలాడతానే ఉంది. ఏం చెప్పేది? మాకు తెలిస్తే కదా. పెద్దమ్మ చేతిలో చాట జారి ఇత్తనాలన్నీ నేలపాలైనాయి.

నేనూ పెద్దమ్మా ఆయప్పను పోలీస్ స్టేషన్‌కు పిలుచుకోని పోతిమి. ఆడుండే ఆయన చెడ్డోడు కాదు, కూర్చోమనినాడు, నీళ్ళిచ్చినాడు. కలం తీసి, "యాడికి పోయింది?" అనినాడు. "బొంబాయి అనుకుంటాండాం సార్," అంటిని. "బొంబాయంటే మీ పల్లె అనుకుంటివా? ఏ తావుకు? ఎవరింటికి? పిలుచుకోని పోయినామె పేరేమి?" ఆయన కలం మూసి పెట్టేసినాడు.

పిల్ల నాయన ధర్మవరం రైలుస్టేషన్‌లో రైళ్ళ కాడ నిలబడి, దిగే ప్రతి ఆడపిల్ల మొగమూ చూసేవాడంట. మల్లా ఏటా ఎండాకాలం మా గేటు కాడికి వచ్చేవాడు. అదే మాట అడిగేవాడు. మేము తల అడ్డంగా ఊపితే పోయేవాడు. ఒక ఏడు రాలేదు. చచ్చిపోయినాడని తర్వాత తెలిసింది. కడాకు ఆ మనిషి, బిడ్డ యాడుండాదో తెలీకుండానే కన్ను మూసినాడు.

పోలీస్ స్టేషన్‌నుంచి వచ్చిన పొద్దు పెద్దమ్మ తన చేతిని గోడకేసి కొట్టుకుంది. "ఈ చెయ్యి ఇరిగిపోను, ఈ చెయ్యి పడిపోను," అని ఏడ్చింది. నేను ఓదార్చలేదు. నాకు అంత కోపంగా ఉండె. తెల్లారి చూస్తే ఆమె బస్టాండులో నిలబడుకోని, ఎక్కే ప్రతి ఒక్కరినీ, "యాడికప్పా? యాడికమ్మా?" అని అడుగుతాండాది! జనం ఊరుకుంటారా? "పొద్దున్నే ఎదురొచ్చి శకునం చెడగొడతావా ముసలిదానా," అని తిట్టినారు. ఒకాయన చెప్పు కూడా తీసినాడు. పెద్దమ్మ కదల్లేదు. అది చూసినాక నా కోపం సగం దిగింది.

అయితే ముసలామె ఒక్కతి ఎంతమందిని అడుగుతాది? నేను పోయి ధర్మవరం బస్సు కండక్టరుతో తగులుకున్నా.

"ఏమప్పా, టికెట్టు కొట్టేటప్పుడు నువ్వు యాడికని అడుగుతావు కదా? నీకు శకునం లేదా?"

"నాది ఉద్యోగం కదక్కా."

"అయితే ఆ పిల్లను అడిగింటివా?"

"దుడ్లిచ్చే వాళ్ళను అడుగుతా. ఆయమ్మ రెండు టికెట్లు అనింది, ఇచ్చినా."

"దుడ్లిచ్చే వాళ్ళను కాదు, పోయే వాళ్ళను అడుగు!"

తల గోక్కున్నాడు. మర్నాడు బస్టాండులో ఆయన గొంతు నాకు గేటు దాకా ఇనపడింది. "పాపా, నువ్వు చెప్పు. యాడికి? ఎవరి కాడికి?" పక్కనున్న మనిషి జవాబు చెప్తే, "టికెట్టు నీకా, పాపకా? పాపనే చెప్పనీ," అంటాండాడు. ఆపొద్దునుంచి ఆయన అదే పద్ధతి పట్టినాడు. పిల్ల నోటితో పిల్లే ఊరి పేరు చెప్పల్ల. చెప్పలేకపోతే ఇజిల్ ఎయ్యడు. టీ అంగడాయన దిక్కు చూస్తాడు. టీ అంగడాయన గిలాసలు దించి మా గేటు కాడికొచ్చి కేకేస్తాడు. మేము చాటలు ఆడే పెట్టి ఉరికేవాళ్ళం. మొదట్లో మేస్త్రి ఎగిరెగిరి పడినాడు గానీ, రానురాను తనే గేటు తీసి పట్టుకునేవాడు. ఆ పిల్లను దించి, షెడ్డులో కూర్చోబెట్టి, గుక్కెడు నీళ్ళు తాపేవాళ్ళం. శకునం చెడిందిలేవే, రవ్వంతసేపు కూర్చో, అనేవాళ్ళం. పెద్దోళ్ళ ఆచారం అట్లన్నా పనికొచ్చింది.

ఇదేదో గొప్పగా చెప్పుకునేదానికి కాదు. దిగినోళ్ళు కొందరుండారు, వాళ్ళ ఇండ్లకు మేమే పోయి అప్పజెప్పినాం. దిగని వాళ్ళూ ఉండారు. ఒక పిల్ల నా చెంప మీద కొట్టింది. ఇంకొక పిల్ల, ఎర్రగా పొడుగ్గా ఉండేది, నీళ్ళు తాగి గిలాస కింద పెట్టి, "సరే దిగినా. ఇప్పుడు ఏం తినల్ల నేను? నీ మిషన్‌లో పనుండాదా?" అనింది. ఆ వారమంతా మిషన్ మూసే ఉండె. ఆ పిల్ల మా బస్టాండు ఇడిచి సోమందేపల్లె కాడికి పోయి, హైవేలో లారీ ఎక్కి పోయిందని తర్వాత ఎవరో చెప్పినారు. బస్సును ఆపినాం సరే, కరువును ఎవురు ఆపుతారప్పా?

అట్ల ఏండ్లు గడిచిపాయ. ఎనభైలు సగం అయినాయి. ఒక మద్యాన్నం కండక్టరే ఉరుక్కుంటా వచ్చినాడు. "అక్కా, బస్సంతా ఖాళీ అయింది. ఒకామె ఎనక సీట్లో కూర్చోనుండాది. దిగమంటే దిగడం లేదు."

పోయినా. ఎండుకట్టె మాదిరి ఒక ఆడమనిషి, కొంగు నెత్తి నిండా కప్పుకోని కూర్చోనుండాది. నలభై ఏండ్లదేమో అనుకున్నా. దగ్గు తెరలు తెరలుగా వస్తాండాది. నన్ను చూసి, "అక్కా, గోరంట్ల పెద్దదా, హిందూపురం పెద్దదా?" అనింది.

అదే సీట్లో కూలబడి దాన్ని పట్టుకోని గట్టిగా ఏడ్చినా.

మా రూముకు పిలుచుకోని పోయినా. కొన్నాళ్ళు లేవకుండా పండుకుంది. నా మొగుడు గవర్మెంటాసుపత్రికి తీసుకోని పోయి మందులు తెచ్చినాడు. ఆయన దాన్ని ఒక్క మాట అడగలేదు, మూట దించినంత నిదానంగా చెయ్యి పట్టి నడిపించినాడు. దాని చిన్నాయన ఇంటికి కబురు పంపితే, మా ఇంట్లో అట్లాంటి పిల్ల లేదు అని జవాబొచ్చింది. నాయన పోయినాడని నేనే చెప్పాల్సొచ్చింది. బొంబాయిలో తనను ఏమేమి చేసినారో అది శానా తక్కువ చెప్పింది. చెప్పింది కూడా నేను రాయను. ఒక్కటి మటుకు రాస్తా.

"ఆ పొద్దు మీరు అడుగుతారనే నిదానంగా నడిచినా అక్కా. నాకు లోపల గుబులుగా ఉండె. ఆయమ్మ బొంబాయిలో ఏ తావుకో కూడా చెప్పలేదు. రానంటే తిడతాదేమోనని భయం. మీలో ఎవురన్నా యాడికి అంటే, శకునం చెడింది, ఈపొద్దు రాను అని సాకు చెప్పి తప్పించుకుందామనుకుంటి. నువ్వు లేస్తివి కూడా."

ఆ మాట పెద్దమ్మకు చెప్పొద్దని దాని చేత ఒట్టేయించుకున్నా. ఆ ముసలామె తట్టుకోలేదని.

దగ్గు తగ్గినాక మేస్త్రిని బతిమాలి మిషన్‌లోకి పిలుచుకోని పోయినా. దాని తావులోనే, నా పక్కనే కూర్చోబెట్టినా. పెద్దమ్మకు అప్పటికి చూపు మందగించింది. లేసొచ్చి దాని మొగమంతా చేత్తో తడిమి, "వచ్చితివా తల్లీ," అని భోరుమనింది. ఆ పొద్దు వరసంతా ఏడ్చింది. అయ్యో, ఎంత సంతోషపడినానో! ఇంక మన బిడ్డ మనకు దక్కింది అనుకున్నా. ఇన్నేండ్లు బస్సులకు అడ్డం పడింది దీని కోసమే కదా వీళ్ళంతా, ఇంకేం గావల్ల అనుకున్నా. ఎంత ఎర్రిదాన్ని!

మద్యాన్నం నీళ్ళ కాడ మొదలైంది. కుండలో అది ముంచుకున్నాక ఎవురూ ముంచుకోలేదు. మర్నాడు దాని పక్కనామె చాట ఎత్తుకోని అవతలికి జరిగింది. ఆ మర్నాడు పెద్దమ్మ కూడా వరస మొదలు ఇడిచిపెట్టి ఆ చివరికి పోయి కూర్చుంది. నేను ఊరుకుంటానా? పోయి ఎదురుగా నిలబడితి.

"ఏం పెద్దమ్మా, చెప్పు తీసి కొట్టబోయినా కదల్లేదే నువ్వు? ఇప్పుడు దీనికి ఎందుకు జరుగుతాండావు?"

చాటలోకే చూస్తా అనింది. "నా మనవరాలికి సంబంధాలు చూస్తాండారే. నేను దీని దగ్గర కూర్చుంటే వాళ్ళు ఏమనుకుంటారు? నన్ను ఏమీ అనొద్దే, నీ కాళ్ళు పట్టుకుంటా."

మా ఈదిలో బోరింగు కాడ కూడా అంతే. అది హ్యాండిలు కొడితే ఆడోళ్ళు బిందెలు ఎనక్కి తీసుకునేవాళ్ళు. నేను నోటికొచ్చినట్ల తిట్టేదాన్ని. తిట్టే కొద్దీ ఇంకా ఎడమయ్యేవాళ్ళు. వీళ్ళే, ఊరూపేరూ తెలీని పిల్లల కోసం ఎండలో ఉరికినోళ్ళు! పోకుండా పట్టుకునేదానికి అందరం ఉంటిమి. తిరిగొచ్చినదాన్ని పట్టుకునేదానికి ఒక్కరు లేరు. థూ, ఏం మనుషులమో మేము.

ఒక సాయంత్రం ఇల్లుగలామె వచ్చి, "దాన్నన్నా పంపించు, రూమన్నా ఖాళీ చెయ్యి," అనింది. "ఖాళీ చేస్తాంలే పో, ఊర్లో ఇంక ఇండ్లే లేవా?" అని నేను మొగం మీదే చెప్పి పంపించినా. నా మొగుడు కూడా, రేపే ఇంకో రూము చూస్తా అనినాడు. అది గోడకు ఆనుకోని అన్నీ ఇనింది.

పొద్దున లేస్తే చాప మడిచి గోడకు నిలబెట్టి ఉండాది. దుప్పటి మడిచి దాని పక్కన పెట్టి ఉండాది. నేను అట్లే ఉత్తకాళ్ళతో బస్టాండుకు ఉరికినా.

ధర్మవరం బస్సు కదిలేదానికి సిద్ధంగా ఉండె. కిటికీల్లోనుంచి కండక్టరు కనపడతాండాడు. ముందు సీట్లో ఒక పడుచుపిల్లను అడుగుతాండాడు. "పాపా, నువ్వు చెప్పు. యాడికి? ఎవరి కాడికి?" ఆ పిల్ల ఏదో చెప్పింది. ఎనక సీటు కాడికి పోయినాడు. ఆడ అది కూర్చోనుండాది. దాని చేతిలో టికెట్టు పెట్టినాడు. నోరు తెరవలేదు. దాని మొగం కూడా చూడలేదు. టీ అంగడాయన బస్సుకు ఈపు తిప్పి గిలాసలు కడుగుతాండాడు. గేటు కాడ మా వరసంతా సద్దిమూటలతో కూర్చోనుండాది, పెద్దమ్మతో సహా. ఒక్కరు లేసింది లేదు.

నేను బస్సు రేకు మీద రెండు చేతులతో బాదినా. "యాడికే? యాడికి పోతాండావే?"

కిటికీలోనుంచి తల బయటికి పెట్టి నవ్వింది. మా వరసలో కూర్చున్నప్పటి నవ్వే. "శకునం చెడగొడితివి కదక్కా."

"చెడిందిలే, దిగు! ఇంటికొచ్చి నీళ్ళు తాగి పోదువులే, దిగవే!"

"కూర్చోని నీళ్ళు తాగేదానికి ఇల్లుండల్ల కదక్కా. నీకున్న రూము కూడా పోగొట్టమంటావా?" అని, కిటికీలోనుంచి చెయ్యి చాచి నా నెత్తి మీద పెట్టి తీసుకుంది.

ఇజిల్ పడింది. బస్సు పోయింది.

సాయంత్రం బస్సు తిరిగొచ్చేదాకా నేను ఆడే కూర్చున్నా. కండక్టరు దిగినాడు. నన్ను చూసి పక్కకు పోబోతే చొక్కా పట్టుకున్నా.

"యాడికి కొట్టినావప్పా దాని టికెట్టు?"

తల దించుకున్నాడు. "బస్సు ఆఖరు స్టాపుకు కొట్టేసినా. ఆడ దిగి యాడికి పోయిందో తెలీదు. నేను అడగలేదక్కా."